కలిపి కట్టిన లోహ గుంపులు: ఆ ఎలక్ట్రాన్ ఎవరిది?

ఒకేలాంటి రెండు లోహ గుంపులను ఒక చిన్న అణువుతో కలిపారనుకుందాం. ఆ జంటకు బయటి నుంచి ఒక్క ఎలక్ట్రాన్ ఇచ్చాం. అది ఎటు చేరుతుంది? ఎడమ గుంపులోనా, కుడి గుంపులోనా, లేక రెండింటికీ సగం సగమా?

ఈ ప్రశ్నకు చాలా పరిశోధన పత్రాల్లో ఒకే గ్రాఫ్ చూపించి, అందులోంచి ఒకే అంకె తీసి, జవాబు దొరికిందన్నట్టు రాసేస్తారు. ఆ అంకెకు విలువ ఉంది, కాదనను. కానీ దానితో చెప్పించే మాటలు అది నిజంగా చెప్పేవాటికంటే ఎక్కువ. ఎందుకో తెలియాలంటే రుథేనియం అనే లోహపు పరమాణువులు మూడేసి కలిసి ఏర్పడే త్రికోణాల కథ చూడాలి. ఇలాంటి జంటల్లో అంత వివరంగా పరిశీలించినవి తక్కువ.

ముందు కొంచెం నేపథ్యం. ఎం.ఎస్సీ.లో ఇనార్గానిక్ చదివినవాళ్లకు క్రూట్జ్–టౌబె అయాన్ పేరు గుర్తుండే ఉంటుంది. 1969లో కరోల్ క్రూట్జ్, హెన్రీ టౌబె దాన్ని ప్రకటించారు. పిరజీన్ అనే ఆరు పరమాణువుల వలయం మధ్యలో ఉంటుంది. దానికి ఎదురెదురుగా ఉన్న రెండు నైట్రోజన్లకు చెరొక రుథేనియం, ఒక్కో రుథేనియానికి ఐదేసి అమ్మోనియాలు. మొత్తం ఆవేశం ప్లస్ 5. అంటే ఒక రుథేనియం 2వ ఆక్సీకరణ స్థితిలో, రెండోది 3లో ఉండాలి. లేదా రెండూ రెండున్నరలో ఉండాలి. ఏది నిజం అన్న వాదన దశాబ్దాల పాటు సాగింది. దీనికి రెండేళ్ల ముందే, 1967లో, రాబిన్, డే ఇలాంటి మిశ్రమ వేలన్సీ పదార్థాలను, అంటే ఒకే లోహం రెండు ఆక్సీకరణ స్థితుల్లో ఉన్నవాటిని, మూడు తరగతులుగా విడగొట్టారు. మొదటి తరగతిలో రెండు చివరలకూ ఒకదానితో ఒకటి సంబంధమే ఉండదు. రెండో తరగతిలో ఎలక్ట్రాన్ ఒకచోట ఉంటూ అప్పుడప్పుడు దూకుతుంది. మూడో తరగతిలో అది పూర్తిగా ఉమ్మడి ఆస్తి. టౌబెకు 1983లో నోబెల్ వచ్చింది లోహ సమ్మేళనాల్లో ఎలక్ట్రాన్ బదిలీ మీద చేసిన పనికే.

ఆ అయాన్‌లో చివర ఉన్నవి ఒంటరి లోహ పరమాణువులు. వాటి బదులు లోహ గుంపులను, అంటే క్లస్టర్లను పెడితే ఏమవుతుంది? ఈ ఆలోచనకు ప్రకృతిలోనే ముందు నమూనా ఉంది. మన కణాల్లోని మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 అనే పెద్ద ప్రోటీన్‌లో ఇనుము–గంధకం గుంపులు వరుసగా ఉంటాయి, ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి మరోదానికి దాటుకుంటూ వెళతాయి. ప్రోటీన్లలో ఇలాంటి పక్కపక్క కేంద్రాల మధ్య ఖాళీ సాధారణంగా 14 ఆంగ్‌స్ట్రామ్‌లు మించదు. లోహం ఒక్కటే ఉన్నచోట ఒకటి రెండు ఎలక్ట్రాన్లు మారితేనే చుట్టూ ఉన్న బంధాలు గట్టిగా కదిలిపోతాయి. గుంపులో అయితే ఆ భారం నాలుగైదు పరమాణువుల మీద పంచుకుపోతుంది. అందుకే మంచి క్లస్టర్ ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే మెట్లు అనేకం ఎక్కి దిగినా విరగదు.

అన్ని గుంపులూ అంత గట్టివి కావు. మూడు కోబాల్టులు, వాటి మీద టోపీలా ఒక కార్బన్, చుట్టూ తొమ్మిది కార్బన్ మోనాక్సైడ్‌లు ఉన్న ఊదారంగు క్లస్టర్లను న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో బ్రయన్ రాబిన్సన్, జిమ్ సింప్సన్ ఎన్నో ఏళ్లు పరిశీలించారు. అలాంటి వాటిని జంటలుగా కలిపి కూడా చూశారు. వాటికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే, అది కోబాల్ట్–కోబాల్ట్ బంధాలను బలహీనపరిచే కక్ష్యలోకి వెళ్తుంది. బంధాలు సాగుతాయి, కార్బన్ మోనాక్సైడ్ సులువుగా ఊడుతుంది. దీన్నే ఉపయోగించుకుని అతి తక్కువ ఎలక్ట్రాన్లతో కొత్త లైగాండ్లను, అంటే లోహానికి అంటుకునే అణువులను, ఎక్కించే పద్ధతి కూడా వచ్చింది. సంశ్లేషణకు అది వరం. ఎలక్ట్రాన్ ఎక్కడుందో తీరిగ్గా చూద్దామనుకునేవాడికి మాత్రం తలనొప్పి.

రుథేనియం త్రికోణానికి ఆ తలనొప్పి తక్కువ. మధ్యలో ఒక ఆక్సిజన్, చుట్టూ త్రికోణంలో మూడు రుథేనియంలు. ఒక్కో భుజం మీద రెండేసి ఎసిటేట్‌లు, మొత్తం ఆరు, మూడు లోహాలనూ కట్టిపడేస్తాయి. ఇక ఒక్కో రుథేనియం మీద బయటి వైపుకు ఒక్క స్థానం మిగులుతుంది. అక్కడ నీళ్లు, పిరిడీన్ (ఒక నైట్రోజన్ ఉన్న వలయం), ఏదైనా కూర్చోవచ్చు. కఠినంగా మాట్లాడితే దీన్ని క్లస్టర్ అనడానికి కొందరు ఒప్పుకోరు. రుథేనియంల మధ్య దూరం 3.3 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంటుంది కాబట్టి వాటి మధ్య నేరుగా బంధం ఉందనలేం, మధ్యలోని ఆక్సిజనే మధ్యవర్తి. కానీ ఎలక్ట్రాన్ల విషయంలో ఇది ఒక్క ముక్కలా ప్రవర్తిస్తుంది గనుక ఆ పేరుతో నాకు పేచీ లేదు.

తయారీలో మొదటి మెట్టు సులువు. రుథేనియం ట్రైక్లోరైడ్, సోడియం ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ కలిపి రిఫ్లక్స్ చేస్తే, అంటే ఆవిరిని చల్లబరిచి తిరిగి దించుతూ మరిగిస్తే, త్రికోణం దానంతటదే అల్లుకుంటుంది, ద్రావణం ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. 1970లలో విల్కిన్సన్ బృందం ఈ రసాయనాన్ని స్పష్టం చేసింది. అదే దశాబ్దంలో థామస్ మేయర్ బృందం వీటి రెడాక్స్ మెట్లను, అంటే ఎలక్ట్రాన్లు తీసుకునే, వదిలే మెట్లను, లెక్కగట్టి, పిరజీన్‌తో కలిపి జంటలు కూడా చేసింది.

కష్టమంతా కలపడంలోనే ఉంది. త్రికోణానికి మూడు ఖాళీ స్థానాలు, పిరజీన్‌కు రెండు చివరలు. రెండింటినీ ఒకే ఫ్లాస్కులో పోసి వేడి చేస్తే జంట ఒక్కటే రాదు. జంటలు, మూడేసివి, కొమ్మలు తిరిగినవి, అసలు కరగని బురద అన్నీ వస్తాయి. కాబట్టి ముందు రెండు తలుపులు మూసి, ఒక్కటే తెరిచి ఉంచాలి. మొదటి తలుపుకు కార్బన్ మోనాక్సైడ్. ఇది 3వ ఆక్సీకరణ స్థితి రుథేనియాన్ని పెద్దగా పట్టించుకోదు, 2వ స్థితి రుథేనియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అందుకని త్రికోణాన్ని ముందు ఒక ఎలక్ట్రాన్ మేర క్షయకరించి, అంటే ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి, ఆ తర్వాత ద్రావణంలోకి వాయువును పంపుతారు. (ప్రాణాంతక వాయువు, ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ మాటే ఎత్తకూడదు.) రెండో స్థానంలో పిరిడీన్ లేదా దాని బంధువుల్లో ఒకటి. మూడో స్థానంలో నీటి అణువు లేదా ద్రావకం అణువు, అంటే తేలిగ్గా తప్పుకునేది.

ఇప్పుడు ఈ సరుకును రెండు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని చాలా ఎక్కువ పిరజీన్‌లో వేస్తారు. పిరజీన్ అంత పుష్కలంగా ఉంటే ప్రతి త్రికోణానికీ సొంత పిరజీన్ దొరుకుతుంది, ఒకే పిరజీన్ కోసం రెండు త్రికోణాలు పోటీపడవు. ఆ ఒంటి చేతి త్రికోణాన్ని శుభ్రం చేసి, రెండో భాగంతో డైక్లోరోమీథేన్‌లో గది ఉష్ణోగ్రత దగ్గరే కలుపుతారు. పిరజీన్ ఖాళీ చివర వెళ్లి రెండో త్రికోణంలోని నీటిని తోసేసి కూర్చుంటుంది. తర్వాత సిలికా కాలమ్ మీద రంగు పట్టీలను విడదీయాలి.

జంట నిజంగా ఏర్పడిందో లేదో చెప్పే పరీక్షల్లో నాకు బాగా నచ్చేది, అణువులోని హైడ్రోజన్లను వాటి పరిసరాలను బట్టి వేరు చేసి చూపే ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్. పిరజీన్‌లో నాలుగు హైడ్రోజన్లు. ఒక చివరే లోహానికి అంటుకున్నప్పుడు, లోహం పక్కనున్న రెండూ ఒక రకం, దూరంగా ఉన్న రెండూ ఇంకో రకం, అంటే రెండు సంకేతాలు. అవతలి చివరకూ అదే త్రికోణం అంటుకోగానే నాలుగూ సమానమైపోతాయి, ఒక్క సంకేతమే మిగులుతుంది. అంకెలతో పని లేకుండా చూసిన వెంటనే తెలిసిపోతుంది.

ఇక రెడాక్స్. సైక్లిక్ వోల్టామెట్రీలో ఎలక్ట్రోడ్ మీద వోల్టేజీని నెమ్మదిగా ఒక వైపుకు జరిపి, మళ్లీ వెనక్కి తెస్తారు. అణువు ఎలక్ట్రాన్ తీసుకునే చోట విద్యుత్తు పెరిగి ఒక శిఖరం వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎలక్ట్రాన్ వదిలితే కింద ఇంకో శిఖరం. ఈ రెండూ దాదాపు 59 మిల్లీవోల్టుల తేడాలో, సమాన ఎత్తులో ఉంటే అణువు చెక్కుచెదరలేదని అర్థం. ఒంటి త్రికోణం ఇలాంటి మెట్లు అనేకం చూపిస్తుంది, ఒక్కో మెట్టుకు ఒక్కో ఎలక్ట్రాన్.

జంటను పెడితే? రెండు త్రికోణాలకూ ఒకదాని సంగతి ఒకదానికి తెలియకపోతే, రెండూ ఒకే వోల్టేజీ దగ్గర ఎలక్ట్రాన్ తీసుకోవాలి, ఒకే అల రెట్టింపు ఎత్తులో రావాలి. నిజానికి అప్పుడు కూడా లెక్క ప్రకారం రెండు మెట్ల మధ్య సుమారు 36 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. మొదటి ఎలక్ట్రాన్‌కు కుడి, ఎడమ అని రెండు దారులున్నాయి కాబట్టి కేవలం సంభావ్యత వల్ల వచ్చే తేడా అది. ఇద్దరి మధ్యా ఏ సంబంధమూ లేదనడానికి గుర్తు సున్నా కాదు, 36. ఈ చిన్న విషయం మరిచిపోయి, కొద్దిపాటి తేడా కనిపించగానే రెండు చివరలూ మాట్లాడుకుంటున్నాయని రాసేసినవాళ్లు ఉన్నారు.

పిరజీన్‌తో కట్టిన రుథేనియం జంటలో క్షయకరణ అల స్పష్టంగా రెండుగా చీలుతుంది. ఆ రెండు అలల మధ్య వోల్టేజీ తేడానే చీలిక, మొదట్లో చెప్పిన ఆ ఒకే అంకె ఇదే. జపాన్‌కు చెందిన తసుకు ఇటో, అమెరికాకు చెందిన క్లిఫర్డ్ క్యూబియాక్ బృందాలు కలిసి చేసిన జంటల్లో, వంతెన, అంటే మధ్యలోని పిరజీన్, మార్చలేదు, త్రికోణాలు మార్చలేదు. వంతెనకు దూరంగా పక్కన కూర్చున్న పిరిడీన్‌ను మాత్రం మార్చారు. ఎలక్ట్రాన్లను లాక్కునే సయనో గుంపున్న పిరిడీన్ పెడితే చీలిక 250 మిల్లీవోల్టులు. మామూలు పిరిడీన్‌కు 380. ఎలక్ట్రాన్లను ఇచ్చే డైమిథైల్‌అమైనో గుంపున్నది పెడితే 440. పక్కనున్న లైగాండ్ త్రికోణం మీదికి ఎలక్ట్రాన్లను నెట్టినకొద్దీ త్రికోణపు శక్తి మట్టం పైకి లేచి, పిరజీన్‌లోని ఖాళీ కక్ష్య మట్టానికి దగ్గరవుతుంది. మట్టాలు ఎంత దగ్గరైతే కలయిక అంత బలం.

ఈ మిల్లీవోల్టులు ఫ్లాస్కులో ఏం చేస్తాయో చూడాలి. ఎలక్ట్రాన్ లేని జంట ఒకటి, రెండు ఎలక్ట్రాన్లున్న జంట ఒకటి ఎదురుపడితే, చెరొకటి పంచుకుని ఒక్కో ఎలక్ట్రాన్ ఉన్న రెండు జంటలుగా మారతాయి. ఈ మార్పుకు సమతాస్థితి స్థిరాంకం చీలిక నుంచి నేరుగా వస్తుంది: 250కి సుమారు 17 వేలు, 380కి 27 లక్షలు, 440కి 2.7 కోట్లు. సంబంధమే లేని జంటకు అది 4. అంటే అలాంటి జంటల ద్రావణానికి సగటున తలా ఒక ఎలక్ట్రాన్ ఇచ్చినా, మనకు కావలసిన మిశ్రమ వేలన్సీ రూపం సగమే ఉంటుంది, మిగతా సగం ఎలక్ట్రాన్ లేనివి, రెండున్నవి. స్థిరాంకం 17 వేలున్నా ఒకటిన్నర శాతం దాకా కల్తీ మిగిలిపోతుంది. 2.7 కోట్లయితే ఆ బెంగే లేదు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. తప్పటడుగు దీని తర్వాతే పడుతుంది. చీలిక పెద్దది కాబట్టి ఎలక్ట్రాన్ రెండింటి మధ్యా పంచుకుని ఉంది అనేస్తారు. చీలికలో చాలా పద్దులు కలిసి ఉంటాయి. ఇందాకటి సంభావ్యత పద్దు ఒకటి. ఒక చివర రుణావేశం వచ్చాక రెండో ఎలక్ట్రాన్‌ను అది వికర్షిస్తుంది, అది ఇంకొకటి. ద్రావకం, అందులో కలిపిన లవణం ఆ వికర్షణను ఎంతవరకు కప్పిపెడతాయన్నది మూడోది. అమెరికాలో విలియం గైగర్ బృందం లవణంలోని అయాన్‌ను, ద్రావకాన్ని మార్చి, అణువును అస్సలు ముట్టుకోకుండానే చీలికను భారీగా పెంచి తగ్గించి చూపించింది. ద్రావకం మారితే మారిపోయే అంకెను అణువు స్వభావమని ఎలా అంటాం? నిజంగా ఉమ్మడిగా ఉండటం వల్ల వచ్చే స్థిరత్వం ఈ పద్దుల్లో ఒకటి మాత్రమే, అదే పెద్దదని ముందే అనుకోవడానికి లేదు.

రుథేనియం జంట విషయంలో ఆ పద్దు గట్టిదేనని నమ్మడానికి ఆధారం అదే గ్రాఫులో రెండో వైపున ఉంది. ఆక్సీకరణ వైపు, అంటే ఎలక్ట్రాన్లు తీసేసే వైపు, అదే అణువులో చీలిక చాలా కొద్ది. దూరం అదే, వంతెన అదే, ద్రావకం అదే. వికర్షణే అసలు కారణమైతే రెండు వైపులా పోలిక ఉండాలి కదా? అది లేదంటే, క్షయకరణలో వచ్చే ఎలక్ట్రాన్ ఎక్కే కక్ష్య పిరజీన్‌తో కలిసేది, ఆక్సీకరణలో పోయే ఎలక్ట్రాన్ ఉన్న కక్ష్య త్రికోణానికే పరిమితమైనది అనుకోవాలి. కాబట్టి రెండు చివరల మధ్య సంబంధం బలమైనదా కాదా అన్న ప్రశ్న అణువు గురించి అడిగితే అసంపూర్ణం, ఏ ఎలక్ట్రాన్ అనేది కూడా చెప్పాలి.

వంతెన మార్చి చూసినా ఇదే తేలుతుంది. పిరజీన్ బదులు పొడుగైన 4,4'-బైపిరిడీన్ పెడితే చీలిక బాగా పడిపోతుంది. దూరం పెరిగింది కాబట్టి అనుకోవచ్చు. కానీ డాబ్‌కో అనే బోను లాంటి అణువులో నైట్రోజన్ల మధ్య దూరం దాదాపు పిరజీన్‌లో ఉన్నంతే. అందులో ద్విబంధాల్లో ఉండే పై (π) ఎలక్ట్రాన్ల దారి ఉండదు, అన్నీ ఏకబంధాలే. దాంతో కట్టినా చీలిక పడిపోతుంది.

ఇంత చెప్పుకున్నా అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న జంటలో అది పంచుకుని ఉందా, లేక చాలా వేగంగా అటూ ఇటూ దూకుతోందా? వోల్టామెట్రీ దీన్ని చెప్పలేదు. అది సమతాస్థితి శక్తుల కొలత, కదలిక కొలత కాదు. ఇక్కడే తలుపు మూయడానికి పెట్టిన కార్బన్ మోనాక్సైడ్ రెండో పనికి వస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్ బంధం కంపించే పౌనఃపున్యం పరారుణ వర్ణపటంలో ఖాళీగా ఉండే చోట, పదునైన పట్టీగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ లేని జంటలో అది సుమారు 1940 సెంటీమీటర్ ఇన్వర్స్ (పరారుణ పౌనఃపున్యానికి వాడే కొలత) దగ్గర ఉంటుంది. త్రికోణానికి ఎలక్ట్రాన్ చేరితే లోహం కొంత ఎలక్ట్రాన్ సాంద్రతను కార్బన్ మోనాక్సైడ్ మీదికి నెడుతుంది, బంధం బలహీనపడి పట్టీ దాదాపు 50 మేర కిందికి జారుతుంది. కాబట్టి జంటలో ఎలక్ట్రాన్ ఒకవైపే నిలిచి ఉంటే రెండు వేర్వేరు పట్టీలు కనిపించాలి. పూర్తిగా పంచుకుంటే మధ్యలో ఒక్కటే. మధ్యస్థ వేగంతో దూకుతుంటే రెండు పట్టీలూ వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ కనిపించాలి. ఫ్యాన్ మెల్లగా తిరిగేటప్పుడు రెక్కలు విడివిడిగా కనిపించి, వేగం పెరిగాక పళ్లెంలా కనిపించినట్టే.

ఎంత వేగానికి కలిసిపోతాయి? చాలామంది కంపన వేగమే గడియారం అనుకుంటారు. కాదు, రెండు పట్టీల మధ్య తేడా ముఖ్యం. 50 సెంటీమీటర్ ఇన్వర్స్ అంటే సెకనుకు సుమారు లక్షన్నర కోట్ల ఆవర్తనాలు. ఎలక్ట్రాన్ దూకుడు ఆ స్థాయికి దగ్గరపడితేనే పట్టీలు కలవడం మొదలవుతుంది. ఎన్‌ఎమ్‌ఆర్‌లో ఇదే సూత్రంతో చూసే మార్పులు సెకనుకు కొన్ని వందల సార్లు జరిగేవి. అంటే ఇక్కడి గడియారం వందల కోట్ల రెట్లు చురుకైనది.

1997లో సైన్స్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. సయనోపిరిడీన్ జంటలో ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు 10 వేల కోట్ల సార్లు దాటుతోంది. పిరిడీన్ జంటలో 50 వేల కోట్లు. డైమిథైల్‌అమైనోపిరిడీన్ జంటలో 90 వేల కోట్లు, అంటే ఒక్కో దూకుడుకు ఒక పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) పైచిలుకు. పట్టీల ఆకారం నుంచి వేగం తీయడానికి ఒక నమూనా అమర్చాలి కాబట్టి కచ్చితమైన అంకె కంటే ఈ వరుసకు నేను ఎక్కువ విలువిస్తాను. వరుస మాత్రం వోల్టామెట్రీ చీలికల వరుసతో సరిపోయింది. 250, 380, 440లు ఇక్కడ నిజంగానే కలయిక బలాన్ని చూపిస్తున్నాయని ధైర్యంగా చెప్పగలిగేది ఈ రెండో సాక్ష్యం వల్లే.

కథ అక్కడితో ఆగలేదు. ఎలక్ట్రాన్ ఒక చివర నుంచి రెండో చివరకు వెళ్లాలంటే చుట్టూ ఉన్న ద్రావకం అణువులు కూడా తిరిగి సర్దుకోవాలి. 2002లో క్యూబియాక్ బృందం ద్రావకాలు మార్చి చూస్తే, ద్రావకం అణువులు ఎంత చురుగ్గా తిరగగలవన్నదాన్ని బట్టి బదిలీ వేగం మారింది. ఒక చివర నుంచి మరో చివరకు దాటడానికి అడ్డుపడే శక్తి గోడ దాదాపు లేకుండా పోయిన ఈ జంటల్లో, ఎలక్ట్రాన్ ద్రావకం కోసం ఎదురుచూస్తోందన్నమాట. మరి ద్రావకాన్ని గడ్డకట్టిస్తే? మామూలు లెక్కన చల్లబడితే ఏ చర్యయినా నెమ్మదించాలి. ఇక్కడ గడ్డకట్టే దగ్గర పట్టీలు ఇంకా ఎక్కువ కలిసిపోయాయి, అంటే బదిలీ వేగం పెరిగింది. కదలడం మానేసిన ద్రావకం కోసం ఎలక్ట్రాన్ ఎదురుచూడాల్సిన పని లేదు, ఇక దాన్ని నిలబెట్టేవి అణువులోని సొంత కంపనాలే అన్నది వాళ్ల వివరణ. రాబిన్–డే వర్గీకరణలో రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్య గీత కాగితం మీద కనిపించినంత పదునుగా ఉండదని, అదే అణువు చుట్టూ ఉన్నదాన్ని బట్టి అటూ ఇటూ జరగగలదని దీంతో తేలింది.

వీటితో చేసేదేమిటని అడిగేవాళ్లుంటారు. అణువులతో కంప్యూటర్ తీగలు అన్న మాట దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది, దాని మీద నాకు పెద్ద ఆశ లేదు. నాకు ఇంతకంటే దగ్గర్లో కనిపించేది ఎలక్ట్రాన్ల నిల్వ. హొక్కైడోలో యోయిచి ససాకి, మసాఆకి అబె ఈ త్రికోణాలను రెండు దగ్గర ఆపకుండా ఇంకా పొడుగు వరుసలుగా కలిపారు. ఒక్కో త్రికోణానికీ సొంత మెట్లున్నాయి కాబట్టి వరుస పెరిగినకొద్దీ ఒకే అణువు తీసుకుని ఇవ్వగల ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది, అణువు విరగదు. అక్కడ కష్టం వేరే రకంది. వరుస మధ్యలో ఉన్న త్రికోణానికి రెండు వైపులా పిరజీన్లు, చివరి వాటికి ఒకవైపే. అందుకని మధ్యది, చివరివి మొదటి నుంచే వేర్వేరు వోల్టేజీల దగ్గర స్పందిస్తాయి. గ్రాఫులో కనిపించే చీలికలో ఎంత భాగం కలయిక వల్ల, ఎంత భాగం ఈ తేడా వల్ల అన్నది విడదీయడం జంటలో కంటే ఇంకా కష్టం.